ఒకరి మాతువు, ఒకరి ధాతువు: మూడు రికార్డుల హారిసన్ పెట్టె

బీటిల్స్ బృందంలో గిటారు వాయించిన జార్జ్ హారిసన్ 1970 నవంబరులో విడుదల చేసిన 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' ఆల్బమ్‌ను యాభయ్యేళ్లు నిండిన సందర్భంగా కొత్తగా మిక్స్ చేసి, అంటే పాత టేపుల్లోని గొంతు, వాద్యాల పాళ్లు మళ్లీ సరిచూసి, 2021 ఆగస్టులో మళ్లీ తెచ్చారు. అందులో మూడు ఎల్పీ రికార్డులున్న పెట్టెను తిరుపతిలోని మా ఇంట్లో ఆరు నెలలుగా వింటున్నాను. ఈ ఆల్బమ్ గొప్పదా కాదా అన్న చర్చ ఎప్పుడో తేలిపోయింది కాబట్టి దాని జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది వేరే. అట్ట మీద ఉన్నది లివర్‌పూల్‌లో పుట్టిన హారిసన్ పేరొక్కటే అయినా, మొదటి రికార్డు రెండు వైపులా వినిపించేది అమెరికాలోని మిన్నెసోటా నుంచి వచ్చిన పాటగాడు బాబ్ డిలన్‌తో అతనికి కలిసిన పాటల చుట్టరికం. ఆ చుట్టరికాన్ని ఇంతకు ముందు పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. చెవితో తెలుసుకున్నది మాత్రం ఈ కొత్త మిక్స్‌లోనే.

ముందు పెట్టె సంగతి. ఐదు వేల రూపాయలు దాటిన ధరకు, ఇంటర్నెట్‌లో రికార్డులు అమ్మే ఒక దుకాణం నుంచి ఏప్రిల్ నెలాఖరులో తెప్పించాను. ఆ రోజుల్లో తిరుపతి ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. పగలంతా కాగిన కొండరాళ్లు రాత్రి తొమ్మిదింటి దాకా సెగ వదులుతూనే ఉంటాయి. పార్శిల్ ఏ వాహనంలో ఎంతసేపు ఎండకు ఉండిపోయిందో గానీ, మొదటి రికార్డు అంచు ఒకవైపు కాల్చిన అప్పడంలా పైకి లేచి ఉంది. వినైల్ వేడికి మెత్తబడుతుంది, మెత్తబడ్డప్పుడు ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే గట్టిపడుతుంది. తిరిగే పళ్లెం మీద పెట్టి చూస్తే ప్రతి చుట్టుకూ ముల్లు ఒకసారి గుట్ట ఎక్కి దిగినట్టు లేచి దిగుతోంది, ఆ ఎక్కి దిగడంతో పాటే రెండు సెకన్లకొకసారి గొంతు కూడా ఊగిపోతోంది. ఎల్పీలో పాట బయటి అంచు నుంచి మొదలై లోపలికి సాగుతుంది కాబట్టి అంచు వంగితే ముందుగా పాడయ్యేది మొదటి పాటే. నేను ఈ పెట్టెను కొన్నదే ఆ మొదటి పాట కోసం. వీడియో తీసి పంపితే, అది ఎండ చేసిన పని గనుక తమ బాధ్యత కాదని దుకాణంవాళ్లు మొదట జవాబిచ్చారు. ఎండ ఊళ్లకు ఎండ రోజుల్లో రికార్డులు పంపేవాళ్లు ఆ బాధ్యతను ముందే తలకెత్తుకోవాలని నా గట్టి అభిప్రాయం. మూడు వారాలు ఉత్తరప్రత్యుత్తరాలు నడిచిన తరువాత మార్చి పంపారు, జూన్‌లో వచ్చిన రెండో ప్రతి చదునుగా ఉంది. ఇక్కడి నుంచి రాస్తున్నదంతా ఆ రెండో ప్రతి గురించే.

ఆ మొదటి పాట 'ఐ'డ్ హావ్ యూ ఎనీటైమ్'. ఇది హారిసన్, డిలన్ ఇద్దరూ కూర్చుని కట్టినది. 1968 నవంబరులో హారిసన్ న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ దగ్గర బేర్స్‌విల్‌కు వెళ్లాడు. రెండేళ్ల కిందట మోటారు సైకిల్ ప్రమాదం జరిగిన నాటి నుంచి డిలన్ పర్యటనలు మానుకుని, భార్యాపిల్లలతో ఆ పరిసరాల్లోనే ఉంటున్నాడు. హారిసన్ తరువాత చెప్పిన దాని ప్రకారం మొదటి రెండు రోజులూ ఇద్దరి మధ్యా మాటలు సరిగా సాగలేదు. మూడో రోజు గిటార్లు చేతికి తీసుకున్నాక గానీ బిగువు సడలలేదు. అప్పుడు హారిసన్ డిలన్‌ను మాటలు అడిగాడు, డిలన్ హారిసన్‌ను కార్డ్‌లు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగే పట్టులు, చూపించమన్నాడు. హారిసన్ మేజర్ సెవెంత్ కార్డ్‌లు చూపించి, వేళ్ల ఆకారం మార్చకుండా దాన్ని గిటారు మెడ మీద పైకి జరుపుతూ పాట ఎత్తుకున్నాడు. మధ్యలో వచ్చే చరణానికి డిలన్ మాటలు ఇచ్చాడు.

సంగీత కళాశాలలో కొన్నేళ్లు గాత్రం నేర్చుకున్నవాణ్ని కాబట్టి ఆ కార్డ్‌ను నాకు తెలిసిన భాషలో చెబుతాను. షడ్జమం, అంతర గాంధారం, పంచమం, వాటి మీద కాకలి నిషాదం కలిసి ఒకేసారి మోగితే అదే మేజర్ సెవెంత్. కాకలి నిషాదం పై షడ్జమానికి ఆనుకునే ఉంటుంది. మన రాగాల్లో అది పై షడ్జమం వైపు చూస్తూనే ఉంటుంది, ఒక్క అడుగు వేస్తే ఇల్లు చేరుతుంది. ఈ కార్డ్‌లో ఆ అడుగు పడదు. నిషాదం గుమ్మం దగ్గరే నిలబడి ఉండగా కార్డ్ మొత్తం మరో చోటికి జరుగుతుంది, అక్కడా గుమ్మం దగ్గరే నిలబడుతుంది. హారిసన్ పాడే మొదటి మాటలు కూడా తనను లోపలికి రానివ్వమని అడిగేవే కావడం నన్ను ఎన్నిసార్లు విన్నా కదిలిస్తుంది. తలుపు తియ్యమని ఎదురుగా ఉన్న మనిషిని అడుగుతున్నాడు, ఆ మనిషితో కలిసే ఆ పాట కడుతున్నాడు. దానికి జవాబుగా డిలన్ రాసిన చరణం, తనకున్నదీ ఎదుటివాడిదీ ఒకటేనని చెప్పే చిన్న చిన్న మాటలతో, ఎక్కడా మెలిక లేకుండా సాగిపోతుంది. అంతకు ముందు రెండు మూడేళ్లలో దట్టమైన ప్రతీకలతో పాటలు రాసిన మనిషి ఇంత తేట మాటలు రాయడం వెనుక, ఆ రోజు ఎదురుగా కూర్చున్న మనిషి ఉన్నాడని నాకు అనిపిస్తుంది. మూడు నిమిషాలైనా లేని ఈ పాటలో ఎరిక్ క్లాప్టన్ గిటారు కూడా గొంతును దాటకుండా, మాట మాటకూ చోటు ఇస్తూ నడుస్తుంది.

మన లాక్షణికులు పాటలోని మాటను మాతువు అనీ, స్వరరచనను ధాతువు అనీ అన్నారు. రెండూ తానే చేయగలిగినవాడు వాగ్గేయకారుడు. హారిసన్, డిలన్ ఇద్దరూ వాగ్గేయకారులే. అయినా ఇద్దరికీ తమలో ఏది కొంచెం తక్కువో తెలుసు, దాన్ని దాచుకోకుండా రెండోవాడిని అడిగారు. తిరుపతిలో పెరిగినవాళ్లకు ఈ ఇచ్చిపుచ్చుకోవడం కొత్త సంగతిగా తోచదు. అన్నమయ్య సంకీర్తనలు తిరుమల ఆలయంలోని భాండాగారంలో రాగిరేకుల మీద రాగాల పేర్లతో సహా దొరికాయి గానీ ఆయన పాడిన వరుసలు దొరకలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు స్వరపరిచాక గానీ అవి మన నోళ్లకు మళ్లీ చేరలేదు. మాతువు పదిహేనో శతాబ్దిది, ధాతువు ఇరవయ్యో శతాబ్దిది. వేరే వేరే దేశాల పాటగాళ్ల మాట వస్తే, కన్నడ దేశపు పురందరదాసు అన్నమయ్యను తిరుమలలో కలుసుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ కలయికలో ఏం మాట్లాడుకున్నారో, ఎవరు ఎవరికి ఏ వరుస వినిపించారో మనకు మిగల్లేదు. బేర్స్‌విల్ కలయికలో పుట్టిన పాట మాత్రం ఈ రికార్డు మీద ఉంది. నేను దీన్ని ఇంత ఆబగా వినడానికి అది కూడా ఒక కారణం.

రికార్డు తిప్పి రెండో వైపు పెడితే రెండో పాటగా 'ఇఫ్ నాట్ ఫర్ యూ', దాని వెంటనే మూడో పాటగా 'బిహైండ్ దట్ లాక్డ్ డోర్' వస్తాయి. మొదటిది డిలన్ రాసిన పాటను హారిసన్ పాడినది. రెండోది డిలన్ గురించి హారిసన్ రాసుకున్నది. ఈ రెండింటినీ పక్కపక్కన అమర్చడం కాకతాళీయం కాదని నేను నమ్ముతాను.

'ఇఫ్ నాట్ ఫర్ యూ'ను డిలన్ తన 'న్యూ మార్నింగ్' ఆల్బమ్‌లో, హారిసన్ ఆల్బమ్ రావడానికి నెల రోజుల ముందు, 1970 అక్టోబరులో విడుదల చేశాడు. అంతకు ముందే మే 1న హారిసన్ న్యూయార్క్‌లోని కొలంబియా స్టూడియోకు వెళ్లి డిలన్‌తో ఒక రోజంతా వాయించాడు. ఆ రోజు ఇద్దరూ ప్రయత్నించిన పాటల్లో ఇదీ ఉంది. డిలన్ తన ఆల్బమ్‌లో దీన్ని హుషారుగా, కొంచెం తొందరగా, తలుపు తీసి వెలుతురు లోపలికి రానిచ్చినట్టు పాడతాడు. హారిసన్ వేగం తగ్గించాడు. ప్రతి పాదం చివర, తీగల మీద గొట్టాన్ని జార్చి వాయించే స్లైడ్ గిటారు గొంతును అందుకుని, పాదం పూర్తయ్యాక కూడా ఆ భావాన్ని కాసేపు మోస్తుంది. 'నువ్వు లేకపోతే నేనేమయ్యేవాణ్ని' అన్న అర్థమున్న అదే మాట డిలన్ నోట ఆలికి చెప్పిన మాటగానూ, హారిసన్ నోట స్నేహితుడికి చెప్పిన మాటగానూ వినిపిస్తుంది. పాట సారాన్ని మార్చకుండా, ధాతువును కాస్త కదిపి అర్థాన్ని మళ్లించడం అంటే ఇదే.

మా వీధిలో ఉండే వయొలిన్ మాస్టారు ఒక సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు ఈ పాట నడుస్తోంది. ఆయన రాక్ సంగీతం వినేవారు కాదు. కుర్చీలో కూర్చుని, స్లైడ్ గిటారు రెండోసారి వచ్చినప్పుడు ఎడమచేతి చూపుడువేలిని మోకాలి మీద అలా జార్చి, "ఇది జారు కదా నాయనా, ఎవరి దగ్గర నేర్చుకున్నాడీయన?" అని అడిగారు. 1966లో హారిసన్ బొంబాయి వచ్చి రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్న సంగతి చెప్పాను. తరువాత సితార్ వదిలేసి మళ్లీ గిటారు పట్టుకున్నాడనీ, 1969 చివర్లో స్లైడ్ వాయించడం మొదలుపెట్టాడనీ కూడా చెప్పాను. "వదిలేశాడని ఎవరన్నారు? చెయ్యి వదల్లేదు కదా" అన్నారు మాస్టారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఆ స్లైడ్ వేరేగా వినిపిస్తోంది. స్వరం నుంచి స్వరానికి దూకకుండా మధ్యలో ఉన్న దారినంతా చూపించి వెళ్లే ఆ చెయ్యి, డిలన్ రాసిన అమెరికా జానపద వరుస మీద పడినప్పుడు, మూడు దేశాల సంగీతం ఒకే పాదంలో ఇమిడిపోయింది.

'బిహైండ్ దట్ లాక్డ్ డోర్' పుట్టుక కూడా తెలిసిందే. 1969 ఆగస్టు 31న ఇంగ్లండులోని ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలో డిలన్ చాలాకాలం తరువాత పూర్తి కచేరీ చేయడానికి సిద్ధపడుతున్నప్పుడు హారిసన్ అక్కడే ఉన్నాడు, ఆ సమయంలోనే ఈ పాట రాశాడు. జనం ముందుకు రావడానికి వెనకాడుతున్న స్నేహితుడిని, మూసిన తలుపు వెనుక ఏడవకుండా బయటికి రమ్మని, ప్రపంచం నీ కోసం ఎదురుచూస్తోందని బుజ్జగించే పాట ఇది. మొదటి పాటలో తనను లోపలికి రానివ్వమని అడిగినవాడు ఇక్కడ నువ్వే బయటికి రమ్మంటున్నాడు. నడక మూడు లెక్కల వాల్ట్జ్. మన చెవికి తిశ్రగతిలో జోలపాట విన్నట్టుంటుంది. వెనుక నుంచి తీగలా సాగే పెడల్ స్టీల్ గిటారు వాయించినది నాష్‌విల్ నుంచి వచ్చిన పీట్ డ్రేక్. డిలన్ 1967లోనూ 1969లోనూ నాష్‌విల్‌లో చేసిన 'జాన్ వెస్లీ హార్డింగ్', 'నాష్‌విల్ స్కైలైన్' ఆల్బమ్‌లలో వాయించినదీ ఇతనే. స్నేహితుడి గురించి పాట కట్టినప్పుడు ఆ స్నేహితుడి పాటల్లో మోగిన వాద్యాన్నీ, దాన్ని వాయించిన చేతినే లండన్‌కు పిలిపించుకోవడంలో ఎంత ప్రేమ ఉందో ఆలోచించండి. అట్ట మీద తోటలో నాలుగు మరుగుజ్జు బొమ్మల మధ్య కూర్చున్న హారిసన్ ఫొటో తీసిన బ్యారీ ఫైన్‌స్టీన్ కూడా 1964లో డిలన్ ఆల్బమ్ ఒకదానికి ముఖచిత్రం తీసినవాడే.

ఇక మిక్స్ గురించి. 1970లో ఈ ఆల్బమ్‌ను హారిసన్‌తో కలిసి నిర్మించిన ఫిల్ స్పెక్టర్ పద్ధతి ఏమిటంటే, ఒకే భాగాన్ని ఎన్నో వాద్యాలతో ఒకేసారి మోగించి, దానికి ప్రతిధ్వని జోడించి, వాద్యాల మధ్య సందు లేకుండా గోడలా కట్టేయడం. ఆ గోడ వెనుక హారిసన్ గొంతు చాలా చోట్ల దూరంగా ఉండిపోయేది. 2001లో ఆల్బమ్‌ను తిరిగి విడుదల చేసినప్పుడు హారిసన్ కూడా కొన్ని పాటలను ఆ భారం నుంచి విడిపించాలని ఉందని రాశాడు. ఆ ఏడాది నవంబరులోనే కన్నుమూశాడు. అతని కొడుకు ధనీ హారిసన్ పర్యవేక్షణలో పాల్ హిక్స్ చేసిన ఈ మిక్స్ గోడను పడగొట్టలేదు గానీ గొంతును గోడకు ఇవతలికి తెచ్చింది. 'ఐ'డ్ హావ్ యూ ఎనీటైమ్'లో చరణానికి ముందు హారిసన్ ఊపిరి తీసుకోవడం మా ఇంటి చిన్న స్పీకర్లలో కూడా వినిపిస్తుంది. 'ఇఫ్ నాట్ ఫర్ యూ'లో మాటల చివరి హల్లులు ఇప్పుడు మాయమైపోవు. మాటను స్పష్టంగా పలకాలన్న పట్టుదల హారిసన్‌కు డిలన్ సహవాసంతో వచ్చిందని నేను అనుకుంటాను, 1964 జనవరిలో పారిస్‌లో డిలన్ రెండో ఆల్బమ్‌ను బీటిల్స్ పదే పదే పెట్టుకుని విన్నప్పటి నుంచే ఆ బీజం ఉంది. మాట వినబడని మిక్స్‌లో ఆ చుట్టరికం సగం దాగిపోయింది, అందుకే కొత్త మిక్స్‌కు నా ఓటు. పాత గోడనే ప్రేమించేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, వాళ్లకు పాత ప్రతులు ఉండనే ఉన్నాయి.

మొదటి వైపు రెండో పాటగా వచ్చే 'మై స్వీట్ లార్డ్'ను అందరూ ఎరుగుదురు. వంటింట్లో ఉన్న మా అమ్మ ఒకరోజు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఏందిరా, ఆ పాటలో గురుబ్రహ్మ శ్లోకం చెబుతుండారు?" అంది. వెనుక వంత పాడే గాయకులు హరే కృష్ణ నామం తరువాత ఆ శ్లోకాన్ని ఎత్తుకుంటారు. పాత మిక్స్‌లో గందరగోళంగా కలిసిపోయే ఆ చోటు, వంటింటి నుంచి కూడా గుర్తుపట్టేంత తేటగా ఉందన్నమాట. అమ్మ ఇప్పుడు ఆ పాట పూర్తయ్యే దాకా అక్కడే కూర్చుంటుంది.

లోపాలూ ఉన్నాయి. 'వా-వా' పాట ఈ మిక్స్‌లో కూడా ఇరుకుగానే ఉంది, పది మంది ఒకే గుమ్మంలో తోసుకుంటున్నట్టుంటుంది. రెండో రికార్డులో మూడో వైపున హారిసన్ గిటారు, హార్మోనికా పట్టుకుని డిలన్ పద్ధతిలో వాయించిన 'ఆపిల్ స్క్రఫ్స్' హాయిగా ఉంటుంది. నాలుగో వైపు మాత్రం నేను తరచుగా పెట్టను. మూడో రికార్డు పూర్తిగా వాద్యకారులు సరదాగా కలిసి వాయించుకున్నది. ఒకసారి విన్నాను, మళ్లీ పెట్టాలనిపించలేదు. దాని ధర కూడా మనమే చెల్లిస్తున్నామన్నది నిజం.

హారిసన్, డిలన్‌ల చుట్టరికం కోసమే కొనేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. 1970 మే 26, 27 తేదీల్లో హారిసన్ చేసిన తొలి ముసాయిదా రికార్డింగులు ఈ మూడు రికార్డుల పెట్టెలో లేవు. అవన్నీ ఎనిమిది రికార్డుల పెద్ద పెట్టెలోనే ఉన్నాయి. డిలన్‌తో కలిసి రాసిన 'నోవేర్ టు గో' అందులో ఉంది. పెద్ద పెట్టె ధర నా బోటివాళ్లకు అందదు కాబట్టి ఆ పాటలను ఫోనులో విన్నాను. దానికి బదులుగా, 1970 మే 1 నాటి స్టూడియో రోజును వినిపించే డిలన్ '1970' అనే మూడు సీడీల సంపుటిని, ఇదీ 2021లోనే వచ్చింది, ఈ పెట్టెకు జతగా తెచ్చుకోమని చెబుతాను. అందులో ఇద్దరూ పాత పాటలు గుర్తుచేసుకుంటూ, మధ్యలో ఆగుతూ, మళ్లీ ఎత్తుకుంటూ వాయిస్తారు. కచేరీకి తయారైన నాణ్యత ఆశించకండి, అరుగు మీద కూర్చుని విన్నట్టు వినండి.

ఈ చుట్టరికం పాటలతో ఆగలేదని రికార్డు చరిత్రే చెబుతుంది. రవిశంకర్ అడిగిన మీదట హారిసన్ 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ ఏర్పాటు చేసినప్పుడు, డిలన్ వస్తాడో రాడో చివరి నిమిషం దాకా అతనికే తెలియదు. గిటారుకు అతికించుకున్న పాటల వరుసలో బాబ్ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు. డిలన్ వచ్చాడు, ఐదు పాటలు పాడాడు, హారిసన్ పక్కన నిలబడి గిటారు వాయించాడు. 1988లో డిలన్ ఇంటి గ్యారేజీలో మరో ముగ్గురు స్నేహితులతో కలిసి ట్రావెలింగ్ విల్‌బరీస్ బృందం పాట కట్టడానికి పునాది ఆ నమ్మకమే. ఈ పెట్టెలోని మూసిన తలుపు పాట విన్న తరువాత ఆ ప్రశ్నార్థకం నాకు చిన్న గుర్తుగా కనిపించడం లేదు.

కొనదలచుకున్నవాళ్లు, ముఖ్యంగా మన చిత్తూరు, తిరుపతి, కడప వైపు ఉన్నవాళ్లు, మార్చి నుంచి జూన్ దాకా తెప్పించుకోకండి. వాన పడి నేల చల్లబడ్డాక ఆర్డర్ పెట్టండి. పార్శిల్ రాగానే, తిరిగి పంపే గడువు దాటకముందే, మొదటి రికార్డును అద్దపు బల్ల మీద పరిచి అంచు చుట్టూ సందు ఉందేమో కంటిని బల్లకు ఆనించి చూడండి; సందు కనిపిస్తే వీడియో తీసి వెంటనే పంపండి. మా ఇంట్లో పడమటి గోడ సాయంత్రం దాకా కాగుతుంది, అందుకని ఈ పెట్టెను తూర్పు గదిలో చెక్క బీరువా కింది అరలో నిలువుగా పెట్టాను. మాస్టారు వచ్చిన రోజున మాత్రం అది బల్ల మీదనే ఉంటుంది, రెండో వైపు పైకి తిప్పి.